బోధనవేదికల మార్పు: ప్రతిలేఖన దృష్టితో ఒక విమర్శ

విశ్వవిద్యాలయ మొకటి తన యంతర్జాల బోధనవేదికను మార్చుకొనుట కార్యాలయవ్యవహారమనియు, భాషాశాఖల కందు బని లేదనియు సామాన్యాభిప్రాయము. టెండరు, సర్వరు, పాస్‌వర్డు అను మాటలతో నిండిన విషయము తెలుగు శాఖ విమర్శకు దగునా యని కొందరు సందేహింపవచ్చును. కాని యా వేదికలపై నుండునవి పాఠములు, ప్రశ్నలు, విద్యార్థుల సమాధానములు, వానిపై నుపాధ్యాయుల దిద్దుబాట్లు. ఇవన్నియు లిఖితరూపములే. ఒక యాధారమునుండి మఱియొక యాధారమునకు వానిని జేర్చుట శిథిలమైన తాళపత్రప్రతిని క్రొత్త యాకులపై వ్రాయించుట వంటిది. ప్రతిలేఖనమున నేది నిలిచినది, ఏది జాఱినది యని విచారించుట మనకు జిరపరిచితమైన పని. ఆ దృష్టితోనే యీ విషయమును బరిశీలించుచున్నాను.

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నుదాహరణముగా గ్రహింతము. 2008లో నిచ్చట రెండు విశ్వవిద్యాలయము లేర్పడినవి. వాని స్వభావములు వేఱు. బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము (ఆ యూరు అప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 నుండి నిర్మల్ జిల్లాలోనిది) పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను జేర్చుకొని, ఆఱేండ్లు వసతిగృహముల నుంచి, ప్రతి విద్యార్థికి ల్యాప్‌టాప్ నిచ్చి, ఎలక్ట్రానిక్ పాఠముల ద్వారమున బోధింపవలెనను సంకల్పముతో బుట్టినది. అక్షరాభ్యాసమునకు బేరుగన్న సరస్వతీక్షేత్రమున బలక మాఱిన దనవచ్చును. కరీంనగరమునందలి శాతవాహన విశ్వవిద్యాలయ మట్టిది కాదు. అది జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వంటి పట్టణములలోని కళాశాలలను అనుబంధముగా గలది. అట్టి కళాశాలలకు విద్యార్థులు చుట్టుపట్ల యూళ్లనుండి బస్సులలో వచ్చిపోవుదురు. వారిలో బెక్కుమందికి గల యంత్రము చేతిఫోను మాత్రమే. పెద్ద తెరకై కూర్చిన వేదిక ఫోనులో దెఱచిన విద్యార్థికి సగము పుట మాత్రమే కనబడును. ఏజెన్సీ గ్రామములలో నా సగమునకును సిగ్నలు కొఱకు వేచియుండవలయును.

బాసరలోనైనను సాధనము స్థిరమని నమ్మరాదు. 2022 జూన్‌లో నచ్చటి విద్యార్థులు ఎండవానల నోర్చి, వారమునకు దగ్గఱగా బైఠాయించి, పండ్రెండు కోరికలను ప్రభుత్వము ముందుంచిరి. వానిలో ల్యాప్‌టాపుల పంపిణీ యొకటి. ల్యాప్‌టాపే పునాదిగా గట్టిన విద్యాలయమున దానికై ధర్నా చేయవలసి వచ్చుట విమర్శకుడు దాటిపోదగిన విషయము కాదు. ఇందుకు భిన్నముగా 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించినది. టెలివిజను ప్రశ్నను వినదు, సమాధానమును దిద్దదు. అయినను నా యెన్నికలో నొక వివేకము కలదు: విద్యార్థి యింట నేమున్నదో చూచి సాధనమును నిర్ణయించిరి.

ఇక మార్పు సంగతి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున బుట్టిన వెబ్‌సీటీ యను వేదికను 2006 నాటికి బ్లాక్‌బోర్డు సంస్థ తనలో గలుపుకొన్నది. దానిని వాడుచుండిన విశ్వవిద్యాలయములు క్రమముగా నితరవేదికలకు మాఱవలసి వచ్చినది. మాఱునపుడు పాఠములను మోసికొనిపోవుటకు కామన్ కార్ట్రిడ్జ్ అను నుమ్మడి కట్టుబాటొకటి కలదు. అందు పాఠములు, ప్రశ్నలు తరలును. విద్యార్థి వ్రాసిన సమాధానము, దానిపై నుపాధ్యాయుడు చేసిన వ్యాఖ్య, ఇచ్చిన మార్కులు తరలవు. 2002లో మార్టిన్ డూగియామస్ వెలువరించిన మూడిల్ వంటి స్వేచ్ఛావేదిక తన బ్యాకప్పులో వీనిని గూడ నిముడ్చగలదు. కాని దానిని మరల దెఱచుటకు మఱియొక మూడిలే కావలెను. అనగా సాధారణముగా మూలము తరలుచున్నది, వ్యాఖ్య జాఱుచున్నది. మెదకు సీమకు జెందిన మల్లినాథసూరి వ్యాఖ్యలను లేఖకులు విడిచిపెట్టియుండినచో గాళిదాసును మన మిప్పుడు చదువుచున్నట్లు చదువగలిగి యుందుమా? ఒక తరగతి సమాధానములపై నుపాధ్యాయుడు వ్రాసిన టిప్పణములకు మల్లినాథుని గౌరవ మక్కఱలేదు. అయినను బోధనచరిత్ర వ్రాయబూనిన పరిశోధకునకు పాఠ్యప్రణాళికకన్న నవియే విలువైన సామగ్రి.

తెలుగు శాఖలకు దీనిని మించిన చిక్కు లిపి విషయమున గలదు. యూనికోడ్ తొలి కూర్పు వెలువడిన 1991లోనే తెలుగునకు స్థానము లభించినను, మన నోట్సులు, ప్రశ్నపత్రములు బహుకాలము అను ఫాంటులలో గూర్పబడినవి. ఆ పద్ధతిలో దెలుగు రూపములు రోమను అక్షరముల సంకేతములపై నాధారపడి యుండును. ఫాంటు లేని యంత్రమున బద్యము తెఱచినచో గనబడునది అర్థములేని రోమను వర్ణముల గుంపు. పీడీఎఫ్ చేసి పెట్టినచో గంటికి దెలుగుగానే యుండును గాని వెదకిన మాట దొరకదు. లేఖకప్రమాదములను సవరించుట కొక పద్ధతి యున్నది; లేఖకుడు చూడనే చూడని ప్రమాద మిది. వేదికను మార్చు సంఘమున దెలుగు చదివి సరిచూచువా రొక్కరైన లేకున్నచో బది సంవత్సరముల పాఠములు క్షేమముగా జేరినవని నివేదికలో వ్రాసికొందురు.

ఆదిలాబాదు ఈ విషయమున మఱింత బోధకము. ఆ జిల్లా గుంజాల గ్రామమున వ్రాతప్రతులలో నిలిచియున్న గోండీ లిపి 2018లో యూనికోడ్ 11వ కూర్పున జేరినది. అంతకు ముందా ప్రతుల పాఠమును వేదికపై బెట్టదలచినవారు చిత్రముగానో, వేఱు లిపిలోనో పెట్టవలసినదే. నేడు స్థానమున్నది, కాని యా లిపిని జూపగల ఫాంటు ఫోనులో నుండవలెను, వేదిక దానిని జెడగొట్టక నిలుపవలెను. ధరల పట్టికలో నిట్టి ప్రశ్నకు గడి యుండదు.

ఉచితమను మాటను గూర్చియు గొంత చెప్పవలసియున్నది. 2020లో దలుపులు మూసికొన్న కళాశాలలు చేతికందిన యుచితవేదికల నాశ్రయించినవి. ఆపత్కాలమున నది దోషము గాదు. కాని గూగుల్ సంస్థ విద్యాలయముల కొసగుచుండిన యపరిమితమైన నిలువస్థలమును తీసివేయుదునని 2021లో బ్రకటించి, సంస్థకు నూఱు టెరాబైట్ల యుమ్మడి మితిని 2022 నుండి యమలుపఱచినది. వీడియోపాఠములను లెక్కలేక చేర్చినవారు ఏది యుంచుకొనవలయును, ఏది తీసివేయవలయును అని యేఱుకొనవలసి వచ్చినది. అది గ్రంథపరిష్కర్తలు చేయదగిన యెన్నిక. స్థలము చాలమిచే దొందరలో జరుగదగినది కాదు.

కావున వేదిక నెన్నుకొనుటకు ముందు విభాగము లొక పరీక్షను గోరవలెను. ఛందస్సు వంటి యొక పాఠ్యక్రమమును గురులఘుచిహ్నములతో, వినికిడి పాఠములతో, ఒక తరగతి సమాధానములతో, వానిపై వ్యాఖ్యలతో సంపూర్ణముగా నెక్కించి, వెంటనే దానిని వెలికి దీసి, వేఱొక వేదికపై దెఱచి, మూలముతో బోల్చి చూడవలెను. పాఠభేదములను గుర్తించి పట్టిక వేయుట పరిశోధక విద్యార్థులకు వచ్చిన విద్యయే. ఆ పోలికను సిరిసిల్ల బస్సులో నొక విద్యార్థి ఫోనుపై గూడ జేయింపవలెను. ఒప్పందముపై సంతకము తరువాతి మాట.