దుష్టపాత్రముల యుచ్చారణము

1994వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘ది లయన్ కింగ్’ అను బాలుర చలనచిత్రమున ముఫాసా, స్కార్ అను సింహములు అన్నదమ్ములు. ధర్మాత్ముడగు అన్న పాత్రమును జేమ్స్ ఎర్ల్ జోన్స్ అమెరికా యుచ్చారణముతోడను, రాజ్యమునకై అన్నను జంపిన తమ్ముని పాత్రమును జెరెమీ ఐరన్స్ ఇంగ్లండు ఉచ్చారణముతోడను పలికిరి. తోబుట్టువులకీ భేదమెట్లు పొసగును? కథలో హేతువు లేదు. దౌష్ట్యమే హేతువని బాలుని చెవి గ్రహించును. జాజూ అను మంచి పక్షియు ఇంగ్లండు యాసనే పలుకును గదా యందురేని, అది నవ్వించు సేవకపాత్రము మాత్రమే.

మృచ్ఛకటికమున శకారుడు దంత్యసకారమునకు మాఱుగా తాలవ్యశకారమును బలుకును. అదియు నిట్టి దోషమే యనరాదు. ఆ మార్పు మాగధీప్రాకృతమునకును లక్షణమే. వ్యాఖ్యాతయగు పృథ్వీధరుడు శకారుని సేవకుడగు స్థావరకుని, భిక్షువును మాగధి పలుకువారిలో జేర్చెను. వసంతసేనను జంపుమని ప్రభువు కొట్టినను స్థావరకుడొల్లడు. శకారుడామె గొంతు నులిమి విడిచిపోగా, భిక్షువు కాపాడును. చంపబూనినవాడును, చంపనొల్లనివాడును, బ్రదికించినవాడును ఒక్క శకారమునే పలికిరి. శకారుని బయటపెట్టునది వర్ణము గాదు; భారతరామాయణకథలను తాఱుమాఱు చేయు నతని బుద్ధి.

వర్ణములకు స్థానప్రయత్నములు గలవు గాని పాపపుణ్యములు లేవు. బాలుర కథలయందు దుష్టునకొక యాసనిచ్చువారు ఆ యాసనే నాయకునకును ఈయవలయును.