పీట దక్కని వాద్యం: టెక్స్-మెక్స్ రాక్ బృందాల కూర్పులో స్టీల్ గిటార్ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

దక్షిణ టెక్సస్‌లో 1960లలో రూపుదిద్దుకొన్న టెక్స్-మెక్స్ రాక్ సంగీతాన్ని విమర్శకులు సాధారణంగా ‘సమ్మేళనం’ అనే మాటతో నిర్వచిస్తారు. ఆ మాట ఏ వాద్యానికి బృందంలో శాశ్వతస్థానం దక్కింది, ఏది అతిథిగానే మిగిలింది అనే ప్రశ్నను మరుగుపరుస్తుంది. డగ్ సామ్ నాయకత్వం వహించిన బృందాల వాద్య కూర్పును ఆధారంగా చేసుకొని, స్టీల్ గిటార్ స్థితిగతులను పరిశీలించి, ఆ వాద్యం లేకపోవడానికి సంగీతపరమైన కారణాలకన్నా విపణి, సామాజిక గుర్తింపులకు చెందిన కారణాలే బలమైనవని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: టెక్స్-మెక్స్, స్టీల్ గిటార్, వాద్యబృంద కూర్పు, కొన్‌హుంటో, వెస్టర్న్ స్వింగ్, డగ్ సామ్.

1. ఉపోద్ఘాతం

ఒక సంగీతబృందంలో ఎవరెవరు ఏ వాద్యాలు వాయించారన్నది గ్రామఫోను రికార్డు అట్టమీద చిన్న అక్షరాలలో కనిపించే సమాచారం. దానిని వివరపట్టికగా చూసి వదిలివేయడం పరిపాటి. పాట సాహిత్యాన్ని, గాయకుని కంఠాన్ని, నాయకుని జీవితాన్ని చర్చించినంతగా వాద్య కూర్పును చర్చించిన విమర్శ తక్కువ. అయితే నృత్యశాలలలో పుట్టి పెరిగిన సంగీతానికి వాద్య కూర్పే ప్రధానమైన పాఠం. ఏ వాద్యం వేదిక మీద ఉన్నదో దానిని బట్టి శ్రోత ఎవరో, ఆ రాత్రి ఏ నృత్యం సాగుతుందో తెలిసిపోతుంది.

టెక్స్-మెక్స్ రాక్ శాన్ ఆంటోనియో నగరం కేంద్రంగా ఎదిగింది. మెక్సికన్ అమెరికన్ల పోల్కాలు, నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్, తెల్లవారి కంట్రీ సంగీతం దానికి మూలధారలు. ఈ మూడింటిలో కంట్రీకి ప్రతీకగా నిలిచినది స్టీల్ గిటార్. మొదటి రెండు ధారల వాద్యాలు ఏదో ఒక రూపంలో రాక్ బృందంలోకి వచ్చాయి. మూడవదాని ప్రతీక మాత్రం రాలేదు. బృందనాయకుడే బాల్యంలో స్టీల్ గిటార్ విద్వాంసుడు కావడం వల్ల ఈ లోటు మరింత ఆలోచింపజేస్తుంది.

2. వాద్యం, దాని ప్రస్థానం

స్టీల్ గిటార్ వాదకుడు తంత్రులను వేళ్లతో మెట్ల మీద అదమడు. వాద్యాన్ని ఒడిలోనో బల్ల మీదనో పడుకోబెట్టి, ఎడమచేతిలోని లోహపు కడ్డీని తంత్రుల మీద జరుపుతూ, కుడిచేతితో మీటుతాడు. స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారే నాదం దీని ప్రత్యేకత. కర్ణాటక సంగీతంలోని గోటువాద్యాన్ని ఎరిగినవారికి ఈ వాదనపద్ధతి కొత్త కాదు.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో హవాయి దీవులలో ఈ పద్ధతి రూపొందింది. దాని ఆద్యునిగా జోసెఫ్ కెకుకు పేరు చెబుతారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన హవాయి సంగీతాన్ని అమెరికా అంతటా ప్రచారంలోకి తెచ్చింది. టెక్సస్‌లో మిల్టన్ బ్రౌన్ బృందానికి చెందిన బాబ్ డన్ 1935లో విద్యుత్తుతో ధ్వనిని పెంచిన స్టీల్ గిటార్‌తో రికార్డులు చేశాడు. 1936లో బాబ్ విల్స్ బృందంలోని లియోన్ మెకాలిఫ్ ‘స్టీల్ గిటార్ రాగ్’తో ఈ వాద్యాన్ని వెస్టర్న్ స్వింగ్‌కు ముఖచిహ్నంగా మార్చాడు. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ పాదంతో నొక్కే పెడల్ సహాయంతో, మోగుతున్న తంత్రుల స్థాయినే మార్చి వినిపించాడు. అప్పటినుంచి పెడల్ స్టీల్ కంట్రీ సంగీతపు ముద్రగా స్థిరపడింది.

ఇదే హవాయి ధార భారతదేశానికి చేరినపుడు మరో దారి పట్టింది. హవాయి కళాకారుడు టావు మో 1940లలో కలకత్తాలో నివసించి ఈ వాద్యాన్ని ప్రచారం చేశాడు. తరువాతి కాలంలో బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలను పలికించాడు. ఒకే వాద్యం ఒకచోట శాస్త్రీయ రాగాలాపనకు సాధనమైతే, మరొకచోట ఒక వర్గపు శ్రోతలకు గుర్తుగా ముద్రపడింది. కనుక వాద్యానికి స్వతఃసిద్ధమైన జాతి గానీ, శైలి గానీ లేదు. దానిని స్వీకరించిన సమాజమే ఆ అర్థాన్ని కల్పిస్తుంది. టెక్సస్ విషయాన్ని ఈ దృష్టితోనే చూడవలసి ఉంది.

3. శాన్ ఆంటోనియో నృత్యశాలలు

మెక్సికన్ అమెరికన్ శ్రామికవర్గపు నృత్యసంగీతం కొన్‌హుంటో. మీటల అకార్డియన్, పన్నెండు తంత్రుల బాహో సెక్స్తో దీనికి మూలవాద్యాలు. 1930లలో నార్సిసో మార్టినెజ్ తన అకార్డియన్ ఎడమవైపు మంద్రస్వరాలను దాదాపు విడిచిపెట్టి, ఆ బాధ్యతను బాహో సెక్స్తో వాదకుడు శాంటియాగో ఆల్మేదాకు అప్పగించడంతో ఈ జంటకు శాశ్వతరూపం ఏర్పడింది. 1940ల చివరలో వలేరియో లోంగోరియా డ్రమ్ములను చేర్చాడు.

జర్మన్, చెక్ వలసదారుల సంతతికి ప్రత్యేకమైన నృత్యశాలలు ఉండేవి. శాన్ ఆంటోనియోలో పేరుపొందిన అడాల్ఫ్ హాఫ్నర్ బృందం వెస్టర్న్ స్వింగ్‌తో పాటు చెక్ భాషలో పోల్కాలను కూడా వినిపించేది. మెక్సికో స్వరకర్త లోరెంజో బార్సెలాటా రచించిన ‘మరియా ఎలీనా’ను కూడా హాఫ్నర్ రికార్డు చేశాడు. ఆ బృందంలో స్టీల్ గిటార్ వాయించినవాడు అతని సోదరుడు ఎమిల్. అతనిని ‘బాష్’ అని పిలిచేవారు.

ఈ చివరి అంశం కీలకమైనది. పోల్కా నడకకు స్టీల్ గిటార్ జారుడు నాదం పొసగదన్న వాదాన్ని హాఫ్నర్ బృందమే పూర్వపక్షం చేస్తోంది. అదే నగరంలో, టెక్స్-మెక్స్ రాక్ పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే, పోల్కా, మెక్సికన్ పాట, స్టీల్ గిటార్ ఒకే వేదిక మీద కలిశాయి. కాబట్టి తరువాతి కాలపు లోటుకు కారణాలను స్వరాలకు వెలుపల వెదకాలి.

4. నాలుగు పేర్లు, నాలుగు కూర్పులు

1941లో శాన్ ఆంటోనియోలో జన్మించిన డగ్లస్ సామ్ ‘లిటిల్ డగ్’ పేరుతో బాలమేధావిగా ప్రసిద్ధుడయ్యాడు. అతని వాద్యం స్టీల్ గిటార్. 1952 డిసెంబరులో ఆస్టిన్‌లోని స్కైలైన్ క్లబ్బులో హాంక్ విలియమ్స్ ఇచ్చిన కచేరీలో పదకొండేళ్ల సామ్ కూడా వేదిక ఎక్కాడు. కొద్ది రోజులకే, 1953 జనవరి 1న, విలియమ్స్ మరణించాడు. 1955లో సార్గ్ సంస్థ నుంచి సామ్ తొలి రికార్డు వెలువడింది. అదే వయసులో తన ఇంటికి సమీపంలోని ఈస్ట్‌వుడ్ కంట్రీ క్లబ్బులో టి-బోన్ వాకర్ వంటి నల్లజాతి బ్లూస్ కళాకారులను విన్నాడు. కౌమారంలో స్టీల్‌ను పక్కన పెట్టి, నిలబడి వాయించే విద్యుత్ గిటార్‌ను చేపట్టాడు.

1965లో నిర్మాత హ్యూయీ మో చొరవతో అతడు ‘సర్ డగ్లస్’ అయ్యాడు. బ్రిటిష్ బృందాలు అమెరికన్ రేడియోను ఆక్రమించిన రోజులవి. ఇంగ్లండు ప్రభుబిరుదు తగిలించుకొన్న ఆ ‘సర్ డగ్లస్ క్వింటెట్’లో ఆగీ మేయర్స్ ఆర్గన్, ఫ్రాంక్ మోరిన్ సాక్సోఫోన్, జానీ పెరెజ్ డ్రమ్ములు వాయించేవారు. ‘షి ఈజ్ అబౌట్ ఎ మూవర్’ పాట బిల్‌బోర్డు పట్టికలో 13వ స్థానానికి చేరింది. అయిదుగురిలో స్టీల్ వాదకుడు లేడు.

1970 ప్రాంతంలో కంట్రీ శైలిలో ఒక రికార్డు విడుదల చేసినపుడు అట్టమీద ‘వేన్ డగ్లస్’ అని మారుపేరు వేసుకొన్నాడు. 1971లో వెలువడిన ఆల్బమ్‌కు ‘ద రిటర్న్ ఆఫ్ డగ్ సల్డాన్యా’ అని పేరు పెట్టాడు. అందులో ఫ్రెడ్డీ ఫెండర్ పాట ‘వేస్టెడ్ డేస్ అండ్ వేస్టెడ్ నైట్స్’ను పాడాడు.

బాలకంట్రీకి ‘లిటిల్ డగ్’, రాక్‌కు ‘సర్ డగ్లస్’, పెద్దల కంట్రీకి ‘వేన్ డగ్లస్’, మెక్సికన్ అమెరికన్ బాణీకి ‘సల్డాన్యా’. ఈ పేర్లలో చమత్కారం ఉన్నమాట నిజమే. అయితే అన్ని ధారలూ నిరాటంకంగా కలిసిపోయి ఉంటే ఒకే వ్యక్తికి ఇన్ని పేర్ల అవసరం ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. శ్రోతృవర్గం మారినప్పుడల్లా పేరు మారింది, పేరుతో పాటు కూర్పు మారింది. ‘సర్’ అనే బిరుదు కింద స్టీల్ గిటార్‌కు చోటు లేదు.

5. ఆర్గన్ ఆక్రమించిన స్థలం

ఈ బృందపు నాదముద్ర మేయర్స్ వాయించిన వాక్స్ కాంటినెంటల్ ఆర్గన్. బాహో సెక్స్తో వాయించే దరువునే తాను ఆర్గన్ మీదికి తెచ్చుకొన్నట్లు మేయర్స్ చెప్పుకొన్నాడు. తాళపు ఎదురుదెబ్బ మీద పడే పొట్టి స్వరగుచ్ఛాలు బాహో సెక్స్తోను, సన్నని రీడు వంటి నాదం అకార్డియన్‌ను స్ఫురింపజేస్తాయి. అంటే కొన్‌హుంటో జంట రూపం మార్చుకొని రాక్ బృందంలో ప్రవేశించింది. బ్రిటిష్ బృందాలు కూడా అదే ఆర్గన్‌ను వాడుతున్నందున ఆ మారువేషం రేడియోలో సులువుగా చెల్లింది. సాక్సోఫోన్ రిథమ్ అండ్ బ్లూస్‌కు ప్రతినిధి అయింది.

స్టీల్ గిటార్‌కు ఇటువంటి మారువేషం దొరకలేదు. ఒక్క జారుడు చాలు, వినేవారికి అది కంట్రీ అని తెలిసిపోతుంది. పాప్, కంట్రీ రేడియో కేంద్రాలు వేరువేరుగా నడుస్తున్న కాలంలో ఆ గుర్తింపు వ్యాపారరీత్యా నష్టం. కూర్చుని వాయించే వాద్యం కావడం, అది మధ్యవయస్కుల నృత్యశాలను గుర్తుకు తేవడం అదనపు ప్రతిబంధకాలు.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఆర్గన్, స్టీల్ రెండూ నాదాన్ని దీర్ఘంగా నిలిపే వాద్యాలే కనుక, అయిదుగురి బృందంలో ఒకటి చాలునన్న ఆచరణాత్మక నిర్ణయం కావచ్చు. నిలబడి పాడే నాయకుడు కూర్చుని వాయించలేకపోవడం కూడా సహజమే. ఈ అభ్యంతరం సామ్ స్వయంగా స్టీల్ వాయించకపోవడాన్ని వివరిస్తుంది. మరొక స్టీల్ వాదకుడికి సభ్యత్వం లేకపోవడాన్ని మాత్రం పూర్తిగా వివరించలేదు. అకార్డియన్‌కు తరువాత లభించిన హోదాతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది.

6. అతిథి హోదా

1973లో అట్లాంటిక్ సంస్థ ‘డగ్ సామ్ అండ్ బ్యాండ్’ను విడుదల చేసింది. జెర్రీ వెక్స్‌లర్, ఆరిఫ్ మార్దిన్‌లు సామ్‌తో కలిసి దానిని నిర్మించారు. బాబ్ డిలన్, డాక్టర్ జాన్, డేవిడ్ బ్రోంబెర్గ్ వంటివారు పాల్గొన్న ఈ రికార్డులో అకార్డియన్ వాదకుడు ఫ్లాకో హిమెనెజ్, స్టీల్ వాదకుడు చార్లీ ఓవెన్స్ ఇద్దరూ ఉన్నారు. రెండు నృత్యశాలల ప్రతీకలు ఇక్కడ ముసుగు లేకుండా ఒకే అట్టమీదికి వచ్చాయి. ‘సర్’ బిరుదు తొలగి సొంతపేరు నిలిచిన రికార్డులోనే ఇది జరగడం గమనార్హం.

ఆ తరువాత ఇద్దరి దారులు వేరయ్యాయి. సామ్, మేయర్స్, ఫెండర్, హిమెనెజ్‌లు కలిసి 1989లో ‘టెక్సస్ టొర్నేడోస్’గా ఏర్పడినపుడు అకార్డియన్ అతిథిస్థానం నుంచి నాయకస్థానానికి ఎదిగింది. హిమెనెజ్ తండ్రి శాంటియాగో సీనియర్ రచించిన ‘సోయ్ దే శాన్ లూయీస్’కు 1991లో గ్రామీ పురస్కారం లభించింది. మెక్సికన్ అమెరికన్ సంగీతానికి ప్రత్యేక విభాగం ఉండడం అకార్డియన్‌కు విపణిలో గౌరవప్రదమైన చోటు కల్పించింది. ఆ నలుగురిలో స్టీల్ వాదకుడు లేడు. 1975లో ఫెండర్ పాడిన ‘బిఫోర్ ద నెక్స్ట్ టియర్‌డ్రాప్ ఫాల్స్’ పాప్, కంట్రీ పట్టికలు రెండింటిలోనూ అగ్రస్థానం పొందిందన్న సంగతిని దృష్టిలో పెట్టుకొంటే, కంట్రీ ధార ఈ బృందానికి పరాయిది కాదని తేలుతుంది. కంట్రీ పాటకు ప్రవేశం ఉంది, కంట్రీ కంఠానికి పీఠం ఉంది. కంట్రీ వాద్యానికి మాత్రం సభ్యత్వం లేదు.

సామ్ 1999 నవంబరులో మరణించాడు. మరుసటి ఏడాది వెలువడిన అతని చివరి ఆల్బమ్ పేరు ‘ద రిటర్న్ ఆఫ్ వేన్ డగ్లస్’. అది పూర్తిగా కంట్రీ శైలికి చెందినది. టామీ డెటమోర్ స్టీల్ గిటార్ అందులో పాట పొడవునా గాయకుని పక్కనే నడుస్తుంది. బాల్యపు వాద్యం తిరిగి వచ్చింది, కానీ మారుపేరుతో పాటే వచ్చింది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, టెక్స్-మెక్స్ రాక్‌లో ధారలు సమానమైన షరతుల మీద కలవలేదు. నాదరూపం మార్చుకోగలిగిన వాద్యం ముందు ప్రవేశించింది, మార్చుకోలేనిది ద్వారం వద్ద నిలిచింది. రెండవది, హాఫ్నర్ బృందపు ఉదాహరణ వల్ల ఆ నిలుపుదల సంగీతశాస్త్రరీత్యా అనివార్యం కాదని రుజువవుతోంది. మూడవది, చార్లీ ఓవెన్స్ వంటి వాదకులు సభ్యులు కానందువల్ల బృందచరిత్రలలో వారి పేర్లు అట్టమీది చిన్న అక్షరాలకే పరిమితమవుతున్నాయి. సభ్యులను మాత్రమే లెక్కించే చరిత్ర విపణి చేసిన ఎంపికను సౌందర్యనిర్ణయంగా పొరబడే ప్రమాదం ఉంది.

‘సమ్మేళనం’ అనే మాటను విడిచిపెట్టనవసరం లేదు. దానిని ప్రయోగించే ప్రతి సందర్భంలోనూ ఎవరు వేదిక మీద స్థిరంగా కూర్చున్నారు, ఎవరిని ఒక రికార్డు కోసం పిలిచి పంపించారు అన్న ప్రశ్నను దానితో జోడించాలి. వాద్యబృందాల మీద పరిశోధన చేసేవారు గీతసాహిత్యంతో పాటు కూర్పు పట్టికలను కూడా ప్రాథమిక ఆకరాలుగా స్వీకరించినప్పుడే ఆ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.