తెలుగు బడి ఖర్చు ఎవరిది? మారిషస్, అమెరికా పక్కపక్కన

ప్రవాస తెలుగు విద్యార్థి అనగానే పత్రికల్లోనూ సభల్లోనూ ఒకటే రూపం కనిపిస్తుంది. అమ్మానాన్నలది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంత ఇల్లు, ఆదివారం కూచిపూడి క్లాసు. ఆ రూపం అబద్ధం కాదు, సగం నిజం. చెరకు కూలీల మునిమనవలూ ప్రవాస విద్యార్థులే. పెట్రోలు బంకులో పనిచేసే తండ్రి బిడ్డా ప్రవాస విద్యార్థే. అందరినీ ఒక్క గాటన కట్టేయడంతో అసలు ప్రశ్న మరుగున పడింది: పరాయి నేల మీద ఈ పిల్లల తెలుగు చదువుకు డబ్బు ఎవరు పెడుతున్నారు? మారిషస్‌నూ అమెరికానూ పక్కపక్కన పెడితే జవాబు తేటపడుతుంది.

మొదట, వెళ్లినవాళ్లెవరో చూద్దాం. 1834 నుంచి భారతీయ ఒప్పంద కూలీలు మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. తర్వాతి దశాబ్దాల్లో కోరంగి, విశాఖ తీరాల నుంచి తెలుగువాళ్లూ ఆ చెరకు తోటలకు చేరారు. చేతిలో కాసు లేక వెళ్లిన జనం వాళ్లు. అమెరికా కథ ఇందుకు తలకిందులు. 1965 వలస చట్టం తర్వాత అక్కడికి ముందుగా చేరింది డాక్టర్లు, ఇంజనీర్లు. 1990 తర్వాత హెచ్-1బి వీసా సాఫ్ట్‌వేర్ వాళ్లకు దారి తెరిచింది. అంటే చదువూ సంపాదనా ఉన్నవాళ్లను చట్టమే ఏరి తీసుకుంది.

ఇక బడి. మారిషస్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీలతో పాటు తెలుగూ ఐచ్ఛిక పాఠ్యాంశం. అయ్యవారి జీతం ప్రభుత్వానిది. పై తరగతుల్లోనూ ఆ చదువు కొనసాగుతుంది. మోకా ఊళ్లో 1970లో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థ భారతీయ భాషల బోధనకు అండగా ఉంది. బస్సు డ్రైవరు కూతురికీ, బ్యాంకు అధికారి కొడుకుకీ ఒకటే గంట, ఒకటే తరగతి. అమెరికాలో తెలుగు నిలిచింది తల్లిదండ్రుల పట్టుదల మీద. 2007లో సిలికానాంధ్ర సంస్థ మొదలుపెట్టిన మనబడి వంటి వారాంతపు బడుల్లో వాళ్లే ఫీజు కడతారు, వాళ్లే స్వచ్ఛందంగా పాఠం చెబుతారు. ఈ సేవను తక్కువ చేయడం అన్యాయం. అయితే శని ఆదివారాల్లోనే షాపులో గిరాకీ ఎక్కువగా ఉండే కుటుంబం ఆ బడికి పిల్లను ఎలా పంపుతుంది? ఫీజు కన్నా తీరిక ఖరీదైంది.

అమెరికాలో ప్రభుత్వ బడి అందరికీ ఉచితమే. కానీ దాని ఖర్చులో పెద్ద వంతు స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది గనక, మంచి బడి కావాలంటే ఖరీదైన పేటలో కాపురం ఉండాలి. పైగా భారత్‌లో పుట్టి చిన్నప్పుడే అక్కడికి వెళ్లిన బిడ్డ, ఇంటికి గ్రీన్‌కార్డు రాకపోతే, 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ కోల్పోతుంది. బుద్ధెరిగినప్పటి నుంచి చదువుకున్న దేశంలోనే విదేశీ విద్యార్థిగా నిలబడాల్సి వస్తుంది. జీతాలు సమానమైన ఇళ్ల మధ్య కూడా కాగితం ఒక అంతరం.

మారిషస్ పద్ధతికీ లోపం ఉంది. అక్కడ చాలా ఇళ్లలో నడిచే మాట క్రియోల్. తెలుగు పరీక్ష రాసే పిల్లలు తెలుగులో మాట్లాడుకోవడం అరుదు. ప్రభుత్వం తరగతిని ఇవ్వగలదు, అమ్మ మాటను ఇవ్వలేదు. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇంట్లో ఆ మాట ఇంకా ఉంది. అయినా సమానత్వం కొలబద్దగా చూస్తే నా తూకం మారిషస్ వైపే. అక్కడ పేదింటి పిల్లకు తలుపు మూసి లేదు.

గల్ఫ్‌ను చూస్తే ఈ మాట మరింత బలపడుతుంది. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని వెంట ఉంచుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం కావాలి, వసతి ఉంటే 3,000. అంత రాని కూలీ బిడ్డ నిజామాబాద్‌లోనో కడపలోనో తాత దగ్గర పెరుగుతుంది. దుబాయ్‌లోని భారతీయ పాఠశాలల్లో మనకు కనిపించే తెలుగు పిల్లలు అప్పటికే ఆ జల్లెడ దాటినవాళ్లు.

ఈ తులన తమిళనాడులోని మత్తూరుకు, హోసూరుకు, కృష్ణగిరికి ఎందుకు? ఇక్కడి తెలుగువాళ్లం మనం దేశం దాటలేదు. 1953, 1956ల్లో రాష్ట్రాలు భాషను బట్టి ఏర్పడినప్పుడు తెలుగు రాష్ట్రానికి బయట మిగిలిపోయాం. ఇక్కడా స్థోమత ఉన్న ఇంటి పిల్లలు ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తున్నారు. తెలుగు తరగతి మిగిలింది ఎక్కువగా కూలినాలి చేసుకునేవాళ్ల పిల్లలకే. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం నేర్చుకోవడం నష్టం కాదు, ఇక్కడ బతకడానికి అది కావాలి. దాని పక్కన చాలా బడుల్లో తెలుగుకు చోటూ, చెప్పడానికి అయ్యవారూ లేకపోవడమే నష్టం.

డబ్బున్న ఇల్లు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. లేని ఇంటికి సర్కారు బడే దిక్కు. కాబట్టి మత్తూరు, హోసూరు తల్లిదండ్రులు తెలుగు అయ్యవారి కోసం ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలు ఫీజు కట్టలేని పిల్లలకు తమ బడులు తెరవాలి, సరిహద్దు జిల్లాల సర్కారు బడులకూ చేయూతనివ్వాలి. పేదపిల్లకు అందని భాషాసేవ ఎంత ఘనంగా జరిగినా సగం సేవే.