ప్రావ్దా అంటే నిజమేనా?

తనకు నచ్చని పేపరుని ‘అదో ప్రావ్దా’ అని తీసిపారేయడం మా నాన్నకి అలవాటు. 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే, ఉక్కునగరంలో కూర్చుని ఆ మాటని తిట్టుగా వినడం నాకు వింతగా ఉండేది.

రష్యన్‌లో ప్రావ్దా అంటే నిజం. న్యాయమనే అర్థం కూడా ఉంది. అక్కడి పాత ధర్మశాస్త్రం పేరు ‘రూస్కయా ప్రావ్దా’. 1912లో మొదలైన పత్రిక అదే పేరు పెట్టుకుని, విప్లవం తర్వాత 1991 దాకా పాలక పార్టీ గొంతయింది. ‘ఇజ్వెస్తియా’ అంటే వార్తలు. ప్రావ్దాలో వార్తలుండవు, ఇజ్వెస్తియాలో నిజముండదని అక్కడి జనమే నవ్వుకునేవారు.

కానీ పక్షపాతానికి సర్కారీ పత్రికే కావాలా? 2021 జనవరిలో ప్లాంటుని పూర్తిగా అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక నేను రోజూ మూడు పేపర్లు కొన్నాను. ఏ నాయకుడు ఏమన్నాడో మూడింటిలో మూడు రకాలు. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు వదిలిన కుటుంబాల ఆడవాళ్లు ఏమన్నారో మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికితే ఫొటోలో దొరికారు, శిబిరంలో వరసగా కూర్చుని. కింద పేరు లేదు, మాట లేదు.

ఒకదాన్నొకటి అబద్ధమనే పత్రికలు ఈ మౌనం దగ్గర కలిసిపోయాయి. దీన్ని పక్షపాతమని మనం లెక్కే వేయం. అప్పట్నించి ఆ మాటని తిట్టుగా వాడలేకపోతున్నాను. నాకు నచ్చిన పేపరు తెరిచినప్పుడే అడుగుతున్నాను: ఇందులో ప్రావ్దా ఎంత, ఎవరిది?