అద్దె షేర్వానీ

చార్మినార్ ముందు పిల్లాడికి షేర్వానీ, దస్తార్ తొడిగి ఫొటో తీస్తున్నాం. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ బొమ్మ ముస్లిం గతమంటే నవాబీయేనని చెప్తోంది. 1591లో ఆ కట్టడానికి రాళ్లు మోసినవాళ్లు ఏం కట్టుకున్నారు? పక్కనే లాడ్ బజార్‌లో నిప్పుల మీద లక్క కరిగించి గాజులు చేసే చేతులు ఆ ఫొటోలోకి ఎందుకు రావు? దూదేకిన తాత ఏడి? రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్, దర్బారును తీశాడు. మనకేం కొలువుందని ఇంకా దర్బారునే తీస్తున్నాం? షేర్వానీని సాయంత్రానికి తిరిగిచ్చేస్తాం. ‘మీరు మమ్మల్ని ఏలినోళ్లు’ అన్న నింద మాత్రం రిక్షా తొక్కినోళ్ల పిల్లల మీదా ఉండిపోతుంది. పిల్లాణ్ణి అక్కడే నిలబెట్టండి, తాత లుంగీ, బనీనుతో.