తాళపత్రం నుంచి వెబ్‌సైటు దాకా: భద్రప్రతి, శుద్ధస్థితి - బ్రౌన్ వేమన పరిష్కరణ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెబ్‌సైటును తొలిస్థితికి మరల్చే ముందు దాని పూర్తి ప్రతిని దాచుకోవాలన్నది సాంకేతిక నియమంగా మాత్రమే ప్రచారంలో ఉంది. పాఠపరిష్కరణ శాస్త్రం చిరకాలంగా ఎదుర్కొంటున్న సమస్యకే ఇది నేటి రూపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కడపలో సి.పి. బ్రౌన్ సాగించిన ప్రతుల సేకరణ, వేమన పద్యాల పరిష్కరణ, కడప జిల్లా కైఫియత్తులు, తెలుగు డిజిటల్ గ్రంథాల అనుభవం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, భద్రప్రతి, రీసెట్, బ్రౌన్, వేమన, కైఫియత్తులు, డిజిటల్ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధకుడు నేడు ఆధారపడుతున్న సామగ్రిలో గణనీయమైన భాగం వెబ్‌సైట్లలో ఉంది. కాలక్రమంలో సైటులో వాడని ప్లగిన్లు, తెగిన లంకెలు, హానికర కోడ్ పేరుకుంటాయి. అప్పుడు నిర్వాహకుడు సైటును రీసెట్ చేసి డిఫాల్ట్ స్థితికి, అంటే స్థాపించిన తొలినాటి ఖాళీ స్థితికి, తీసుకువస్తాడు. ఈ పనిలో రెండు దశలున్నాయి. మొదటిది ఉన్నదాన్ని ఉన్నట్లుగా భద్రపరచడం. రెండవది తుడిచివేయడం. మొదటి దశ లేకుండా రెండవదానికి పూనుకుంటే అది శుద్ధి కాదు, వినాశనం.

సాధారణంగా వెబ్‌సైటుకు రెండు అంగాలుంటాయి. చిత్రాలు, పత్రాలు, రూపకల్పనకు సంబంధించిన ఫైళ్ళు ఒకటి. రచనలు, శీర్షికలు, తేదీలు, రచయితల వివరాలు ఉండే డేటాబేస్ మరొకటి. ఒకదాన్ని మాత్రమే దాచుకుంటే అది పూర్తి ప్రతి కాదు. కొన్ని రీసెట్ సాధనాలు డేటాబేస్‌ను ఖాళీ చేసి, ఎక్కించిన ఫైళ్ళను అలాగే వదిలివేస్తాయి. ఆ ఫైళ్ళు సర్వర్‌లో ఉంటాయి. కానీ అవి ఎవరివో, ఏనాటివో చెప్పే సమాచారం ఉండదు. పట్టిక పోయిన భాండాగారంలోని తాళపత్రాల కట్టలకూ వీటికీ భేదం లేదు. వస్తువు మిగిలి, ఉనికి పోతుంది.

2. కడపలో బ్రౌన్ పద్ధతి:

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్వడం మొదలుపెట్టాడు. మచిలీపట్నంలో పనిచేస్తున్న కాలంలో వేమన పద్యాల వైపు ఆకర్షితుడయ్యాడు. 1826లో తిరిగి కడపకు చేరాక తన బంగళాలోనే పండితులకు, లేఖకులకు సొంత ధనంతో జీతాలిచ్చి గ్రంథసేకరణ, పరిష్కరణ సాగించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి వంటి పండితులు వివిధ దశల్లో ఆయన కృషిలో భాగస్వాములు.

ఈ కృషిలో గమనించవలసింది పనుల క్రమం. ముందు ఒకే గ్రంథానికి వీలైనన్ని ప్రతులు సేకరించడం, వాటికి కాగితంపై నకళ్ళు రాయించడం, పిమ్మట పాఠాలను పోల్చడం, చివరగా శుద్ధప్రతి సిద్ధం చేయడం. పరిష్కరణ ముగిసిందని మూలప్రతులను పారవేయలేదు. లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో ఉన్న దక్షిణ భారత భాషల రాతప్రతులను మద్రాసుకు చేర్చడానికీ బ్రౌన్ కృషి చేశాడు. ఆయన సేకరణ పిదప మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరి తరువాతి పరిశోధకులకు ఆకరమైంది. శుద్ధప్రతి, దానికి ఆధారమైన అశుద్ధప్రతులు రెండూ నిలవడం వల్లనే బ్రౌన్ నిర్ణయాలను నేడు ప్రశ్నించగలుగుతున్నాం.

3. శుద్ధస్థితి ఎవరి నిర్ణయం?

బ్రౌన్ 1829లో ప్రకటించిన వేమన సంపుటంలో 693 పద్యాలున్నాయి. 1839లో వెలువడిన ముద్రణలో వాటి సంఖ్య 1164. పదేళ్ళలో ఒకే పరిష్కర్త చేతిలోనే వేమన పాఠపు పరిధి ఇంతగా మారింది. 1829 నాటి సంపుటమే అంతిమమని భావించి, అందులో చేరని పద్యాల ప్రతులను వదిలివేసి ఉంటే ఈ విస్తరణకు ఆధారం మిగిలేది కాదు. శుద్ధస్థితి అనేది పరిష్కర్త ఒకానొక కాలంలో తీసుకున్న నిర్ణయమే తప్ప మూలస్థితి కాదని ఈ రెండు సంఖ్యలే నిరూపిస్తున్నాయి.

వేమన విషయంలో సమస్య మరింత జటిలం. ఆ పద్యాలు ప్రధానంగా మౌఖికంగా వ్యాపించాయి. మకుటం అందరికీ అందుబాటులో ఉండడంతో ఎవరైనా పద్యం చెప్పి దానికి తగిలించవచ్చు. ఏది వేమనది, ఏది ప్రక్షిప్తం అన్న చర్చ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1928లో చేసిన వేమన ఉపన్యాసాల నాటికే కాక నేటికీ తెగనిది. అటువంటి పాఠంలో 'తప్పు' అన్న నిర్ణయం కూడా నిష్పాక్షికం కాదు. ఆటవెలదిలో నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి కుదరకపోతే పండితుడు దాన్ని లేఖకదోషంగా భావించి దిద్దుతాడు. అది జానపదుని నోట సహజంగా సడలిన యతి కావచ్చు. రాయలసీమ ఉచ్చారణ తెచ్చిన రూపభేదమూ కావచ్చు. దిద్దిన పాఠం మాత్రమే మిగిలితే ఈ రెండవ అవకాశాన్ని పరిశీలించే దారి మూసుకుపోతుంది.

బ్రౌన్ పద్ధతికి పరిమితి ఇక్కడే ఉంది. ప్రతులను కాపాడడంలో చూపిన శ్రద్ధ, ప్రతి సవరణకూ కారణం నమోదు చేయడంలో అదే మేరకు కనిపించదు. ఏ పద్యం ఎందుకు చేరింది, ఎందుకు తొలగింది అన్నది సంపుటం ఆధారంగా మాత్రమే పాఠకుడు తేల్చుకోలేడు. అందుకే స్వతంత్రమైన ప్రతులకు విలువ. 18వ శతాబ్దిలోనే పారిస్ చేరిన వేమన పద్యాల రాతప్రతిని ఎన్. గోపి 1990లో ప్రకటించారు. బ్రౌన్ పరిష్కరణతో సంబంధం లేని ఈ పాఠం సరిపోల్చుకోవడానికి కొత్త కొలమానాన్నిచ్చింది. కనీసం ఒక ప్రతి వేరొక స్థలంలో ఉండాలని నేటి సాంకేతిక నిపుణులు చెప్పే సూత్రానికి ఇంతకన్న మంచి ఉదాహరణ తెలుగు సాహిత్యంలో అరుదు.

4. మరలింపు సాధ్యం కాని స్థితి:

పాఠానికి శుద్ధప్రతి తయారు చేయవచ్చు, గ్రామానికి చేయలేము. కాలిన్ మెకంజీ సహాయకులు సేకరించిన గ్రామ కైఫియత్తులు గుళ్ళు, చెరువులు, మాన్యాలు, వంశక్రమాలు, స్థలపురాణాల సమాచారంతో ఆనాటి స్థితిని నమోదు చేశాయి. శిథిలమవుతున్న ఆ సంపుటాలకు బ్రౌన్ నకళ్ళు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ముద్రించింది. మూలం నుంచి నకలుకు, నకలు నుంచి ముద్రణకు సాగిన ఈ వరుసలో ఏ అంచె తప్పినా ఆ సమాచారం నేటి పాఠకునికి చేరడం కష్టమయ్యేది.

ఈ నమోదు ప్రయోజనం నేటి తుమ్మలపల్లెను చూస్తే బోధపడుతుంది. కడప జిల్లా వేముల మండలంలోని ఈ గ్రామం యురేనియం గనితో దేశానికి పరిచయమైంది. ముడిఖనిజ శుద్ధి కర్మాగారం 2012లో ప్రారంభమైంది. గని వచ్చిన నేల స్వరూపం, సేద్యం, జీవిక మునుపటిలా ఉండవు. వాటిని పూర్వస్థితికి మరల్చే మీట ఏదీ లేదు. అక్కడి పొలాల పేర్లు, వంకల పేర్లు, పనిపాటల పదాలు, ఆచారాలు తెలిసిన తరం ఉండగానే నమోదు కావాలి. మరలింపు అసాధ్యమైన చోట భద్రప్రతి ఐచ్ఛికం కాదు, అనివార్యం.

5. డిజిటల్ గ్రంథాలు - అదే ప్రశ్న:

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ముడిపడి ఉంది. దాని ద్వారా వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. అందులోని లోపాలు పరిశోధకులకు సుపరిచితం. తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో, అనేక చోట్ల తప్పులతో నమోదయ్యాయి. కొన్ని గ్రంథాల్లో పుటలు లోపించాయి. అది శుద్ధప్రతి కాదు. అయినా గత దశకంలో ఆ సైటు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, కార్ల్ మలమూద్ వంటివారు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి అప్పటికే చేర్చిన ప్రతులే పరిశోధకులను ఆదుకున్నాయి. దోషసహితమైన ప్రతి వేరొక చోట బతికి ఉండడం, నిర్దుష్టమైన ప్రతి ఒకే చోట ఉండి పోవడం కన్న మేలని ఈ అనుభవం నిర్ద్వంద్వంగా చెబుతుంది.

విద్యాసంస్థల సైట్ల నవీకరణను కూడా ఈ కోణం నుంచే చూడాలి. కొత్త రూపం వచ్చినప్పుడు పాత సంచికలు, సదస్సు పత్రాలు, వాటి లంకెలు పోతే నష్టపోయేది ఆ సైటు ఒక్కటే కాదు. వాటిని ఉటంకించిన ప్రతి సిద్ధాంతగ్రంథమూ ఆధారం కోల్పోతుంది. పాదసూచిక ఉంటుంది, అది చూపే చోట ఏమీ ఉండదు. పరిశీలనకు నిలవని ఉటంకింపు పరిశోధనలో కేవలం అభిప్రాయంగా మిగులుతుంది.

6. ముగింపు:

1. రీసెట్ తరువాతి శుద్ధస్థితి గానీ, పరిష్కృత పాఠం గానీ మూలస్థితి కాదు. రెండూ ఒకరు నిర్ణయించిన స్థితులే.

2. శుద్ధికి ముందరి స్థితిని దోషాలతో సహా, వివరపట్టికతో సహా భద్రపరచాలి. 1829, 1839 వేమన సంపుటాల మధ్య భేదం ఇందుకు ప్రబల సాక్ష్యం.

3. ప్రతులు ఒకటి కన్న ఎక్కువ స్థలాల్లో ఉండాలి. పారిస్ ప్రతి, ఇంటర్నెట్ ఆర్కైవ్ ప్రతులు ఈ సూత్రాన్ని బలపరుస్తున్నాయి.

4. ఏమి తొలగించారో, ఎందుకు తొలగించారో నమోదు చేయడం పరిష్కర్తకు, సైటు నిర్వాహకునికి సమానమైన బాధ్యత. బ్రౌన్ కృషిలో కొరవడినది ఇదే.

5. దాచిన ప్రతి నుంచి తిరిగి నిర్మించగలమో లేదో ముందే పరీక్షించాలి. తెరిచి చూడని ప్రతిపై భరోసా పెట్టుకొని ఉన్నదాన్ని తుడిచివేయడం విజ్ఞత కాదు.

కడపలో రెండు వందల ఏళ్ళ కిందట లేఖకులకిచ్చిన జీతం అనవసర వ్యయంగా ఆనాడు కొందరికి తోచి ఉండవచ్చు. వారు రాసిన నకళ్ళ వల్లనే వేమనపై, సీమ చరిత్రపై నేటి చర్చ సాధ్యమవుతోంది. నేటి సర్వర్లలోని తెలుగు రేపటి పరిశోధకునికి చేరాలంటే తుడిచే ముందు నకలు తీసే ఆ అలవాటే శరణ్యం.