సీటు ఉంది, పంపేవాళ్ళే లేరు

ఎంసెట్ అని మనమింకా పిలుచుకునే పరీక్షలో మా పక్కింటి అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నన్ను సాయం పిలిచారు. ఆ పిల్ల మొదటి ఆప్షన్‌గా రాసుకున్న యూనివర్సిటీ కాలేజీ మా ఊరికి ఆరు గంటల ప్రయాణం. వాళ్ళ నాన్న జాబితా చూసి, "ఇది తీసెయ్ తల్లీ, సాయంత్రానికి ఇల్లు చేరేది చూసుకో" అన్నాడు. అంతకుముందు ఏడాది వాళ్ళన్నయ్య ఇంతకంటే వెనకున్న ర్యాంకుతో చెన్నై వెళ్ళాడు. అప్పుడెవరూ దూరం కొలవలేదు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, భయస్తుడు. ఆ కాలేజీ పేరు తీసేసింది మాత్రం నా వేళ్ళే.

మన రెండు రాష్ట్రాల్లోనూ కౌన్సెలింగ్‌లో ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు స్త్రీలకి ఉన్నాయి. అంటే సీటు ఉంది. అడగనిది ఆమే! రేపు లెక్కలు తీస్తే ఆమెకి అన్యాయం జరిగినట్టు ఎక్కడా కనబడదు. 'తన ఇష్టప్రకారం' దగ్గరి కాలేజీలో చేరినట్టే ఉంటుంది.

2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. ఇంకేం, సమానత్వం వచ్చేసిందంటారు. ఏ కోర్సులో, ఏ కాలేజీలో అని అడిగితే జవాబు మారిపోతుంది. బీటెక్‌లో అమ్మాయిలు మూడో వంతు కూడా లేరు. ఐఐటీల్లో పది శాతం దాటడమే గగనంగా ఉండేది. అందుకే 2018 నుంచి అమ్మాయిలకి అదనపు సీట్లు పెట్టారు. లక్ష్యం ఆ ఏడు 14 శాతం, 2019లో 17, 2020లో 20. ఇవి ఉన్న సీట్లకి కలిపినవి, ఏ అబ్బాయి సీటూ తగ్గించలేదు. చేరే అమ్మాయిలు కూడా అదే పరీక్షలో అర్హత సాధించాలి. అయినా 'మెరిట్ ఏమైపోతుంది' అన్న గోల ఆగలేదు. కొడుకుని కోచింగ్ హాస్టల్లో పెట్టడానికి లక్షలు అప్పుచేసిన ఇంట్లో, కూతుర్ని ఊళ్ళో కాలేజీకి పంపినప్పుడు ఈ మెరిట్ గురించి ఎవరూ బెంగపడరెందుకు?

గిరిజ బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం నన్ను చాలా కలవరపెట్టింది. దారిలో వేధింపులు తక్కువుంటాయనుకుంటే, అమ్మాయిలు తమ మార్కులకి దొరికే మంచి కాలేజీని వదులుకుని అంతకంటే నాసిరకం కాలేజీలో చేరుతున్నారని ఆమె చూపించింది. వీధిలో ఎవడో చేసే అల్లరికి మూల్యం వీళ్ళ చదువు.

అదనపు సీట్లు కావాలి, రిజర్వేషన్ ఉండాలి. అయితే గేటు దగ్గర తలలు లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. ర్యాంకుని బట్టి దొరికేదేది, చేరిందెక్కడ అన్న తేడాని అమ్మాయిలకీ అబ్బాయిలకీ విడివిడిగా లెక్కగట్టి ఏటా బయటపెట్టాలి. ఆ వివరాలన్నీ కౌన్సెలింగ్ అధికారుల దగ్గరే ఉన్నాయి. హాస్టల్ గదులు, రాత్రి బస్సులు ఆ లెక్క చూసి ఏర్పాటు చెయ్యాలి.

ఇక మనం? ఆ రోజు నేను, "అన్నయ్యగారూ, అబ్బాయినీ ఇలాగే ఆపారా?" అని ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఆప్షన్లు పెట్టేటప్పుడు మీరైనా అడగండి.